నా కాళ్ళు కనబడవు

మూడోసారీ అదే మాట అన్యారు:
"కొంచెం సీమోడి మాదిరి మాట్లాడు తమ్ముడూ."

నేను తాడిపత్రి నుంచి రాత్రి బస్సుకు పోయినోణ్ణి.
దూదేకుల హుసేనప్ప కొడుకు కుళ్ళాయప్పను.
మా ఇంట్లో గొంతు పెంచేది ఒక్క విల్లే,
అదీ దూది ఏకేటప్పుడు.
మా అబ్బ అరవంగా నేను ఇనింది లేదు.
పరుపు కుట్టే దబ్బనం ఏల్లో దిగినా
"సరేలే" అంటాడు, దబ్బనంతోనే.

"అట్ల కాదు. తొడ మీద చెయ్యి ఎయ్యి. కండ్లు ఎర్రజెయ్యి."
ఏసినా. చేసినా.
"ఊహూఁ, సహజంగా లేదు."
నా ఎనక వరసలో నిలబడిన భీమవరం పిల్లోడు
నన్ను నాకంటే బాగా మాట్లాడినాడు.
వేషం వానికే.
మంచోడు. కిందికొచ్చినాక టీ తాపి
"మీ వాళ్ళు నిజంగానే అట్లా అరుస్తారా?" అని
మెల్లగా అడిగినాడు.

గదిలో ఏడు మందిమి, ఒకే అద్దం.
తెల్లారితే వంతుల వారీగా అందులో ఏడ్చేది.
పద్నాలుగు నెలలు.
మూడు సినిమాల్లో నా వీపు ఉండాది.
ఒక పెండ్లి సీన్లో నా చెయ్యి,
సాంబారు బకెట్టుతో సహా.

తిరిగొచ్చి పాలిషు మిషను కాడ చేరినా.
ఆ ఏడే మా నాపరాళ్ళ క్వారీకి షూటింగు వచ్చింది.
రాళ్ళ చాటున దాక్కున్యా,
తెలిసినోడెవడన్నా ఉంటాడేమోనని.

మధ్యాన్నం హీరో అన్నానికి పోయినాక
చెవులకు డిప్పలు పెట్టుకున్న మనిషొకడు,
జయపాల్ అంట,
కర్ర చివర ఉడతతోక మాదిరి మైకుతో
ఒక్కడే తిరుగుతా అడిగినాడు:
"జనరేటరు మోతలో నడక పోయింది.
ఎవరన్నా నడిచి పెడతారా?
కోపంగా వద్దు.
ఇంట్లో అన్నం ఉందో లేదో తెలియని మనిషి
ఇంటికి పోయినట్లు."

అది నాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.
ఏ బండ బోలుగా పలుకుతాదో, ఏది మూగదో,
ఏది పక్కదానికి ఆనక టక్కుమంటాదో
అరికాలికి తెలుసు.
నడిచినా.
జయపాల్ కండ్లు మూసుకున్యాడు.
నన్ను చూడకుండా
నన్ను బాగుందన్న మొదటి మనిషి.

సాయంత్రం ఇంటికొచ్చి అటక మీది విల్లు దించమన్యాడు.
స్పాంజి పరుపులొచ్చినాక అది మోగి ఎనిమిదేండ్లు.
అబ్బ తల దువ్వుకొచ్చి
"పౌడరు పూసుకోవాల్నా?" అన్యాడు.
టం... టం... టంయ్.
ఇంటి ముందర కుక్క లేచి నిలబడింది.

సినిమా వచ్చింది.
అమ్మ కుర్చీ అంచున కూర్చోని
"యాడరా? యాడుండావు?"
"చూడొద్దుమ్మా, ఇను."
హీరో తల్లి పోయిన రాత్రి, చీకట్లో, ఆ చప్పుడు.
హాలంతా గమ్మున ఉండాది.
అబ్బ ఒక్కడే నా చెవిలో,
"ఎవరో దూది ఏకుతాండారు రా,
నారి బిగువు చాల్లేదు."
పేర్లు పడే లోపల హాలోడు లైట్లేసి చీపుర్లు తెచ్చినాడు.

మొన్న జయపాల్ ఫోను:
"ఇంకో సినిమా. వాన కావాలి కుళ్ళాయీ.
మీ ఊర్లో ఉందా?"
"అన్నా, అదొక్కటి తప్ప ఏదైనా అడుగు."

అన్యానే గానీ
చేటలో గుప్పెడు సెనిక్కాయ ఇత్తనాలు పోసి
ఫోను పక్కన పెట్టి
మెల్లగా వంచినా.
ఇంకొంచెం వంచినా.
ముందు ఒకటీ అరా,
తర్వాత మబ్బు పగిలినట్లు అన్నీ.

లోపలి గదిలోంచి అరుపు.
బుద్ధెరిగినాక మొదటిసారి ఇన్యా
ఆ గొంతు:
"ఒరేయ్! మిద్దె మీద పరుపుండాది!"