పదహారు కిలోలు

ఈస్టర్ పొద్దున గుడ్లు కొట్టుకున్నారు వాళ్ళిద్దరూ,
కంచెకి ఇటు దొమెంతి, అటు వార్లామ్.
ఎర్రరంగు వేసిన గుడ్లు,
కొనకి కొన.
వార్లామ్‌ది పగిలింది.
ఓడిన గుడ్డుని ఒలిచి, ఉప్పద్ది, సగం తుంచి
గెలిచినవాడి నోట్లో పెట్టాడు.
అంతే పోటీ.

ఇద్దరి మధ్యా ఒక హేజెల్‌నట్ చెట్టు.
వేళ్ళు ఎగువ ఊళ్ళో, కొమ్మలు దిగువ ఊళ్ళో.
రాలిన కాయ ఎవరి కాళ్ళ దగ్గర పడితే వాళ్ళది.
ఇరవై రెండేళ్ళకీ
లెక్క రాసుకున్న కాగితం ఒక్కటీ లేదు.

నేను దొమెంతి ఇంట్లో మూడు రోజుల అతిథిని,
తేయాకు బేరానికి గురియా కొండలెక్కినవాణ్ణి.
నాకు పట్టుబడిన జార్జియన్ మాటలు నాలుగు:
రొట్టె, నీళ్ళు, చాలు, చ్వేన్.
చ్వేన్ అంటే మనం.
చ్వేన్ అంటే మేము కూడా.
వాళ్ళకి రెంటికీ ఒకటే మాట.
ఎదుటివాణ్ణి కలుపుకున్నారో, తోసేశారో
గొంతుని బట్టి పోల్చుకోవాలి.

మధ్యాహ్నం చర్చి ముందుకి
చెప్పులు కుట్టే షాల్వా తోలుబంతి తెచ్చాడు.
లోపల మట్టి, రంపపుపొట్టు,
ఆపైన ఒక కూజా వైన్ తాగించి కుట్టేశారు.
పదహారు కిలోలు.
ఎగువ వాగు దాటిస్తే ఎగువ ఊరిది,
దిగువ వాగు దాటిస్తే దిగువ ఊరిది.
ఇంకో నియమం ఏదీ నాకు కనపడలేదు.

బంతీ కనపడలేదు.
కనపడింది ఒకే ఒక జంతువు, రెండు వందల వీపులతో,
తనని తానే అటూ ఇటూ ఈడ్చుకుంటూ
ఆవిరి కక్కుతోంది.

దొమెంతి పడ్డాడు.
వార్లామ్ చూశాడు. చెయ్యి చాపాడు,
కాయలేరే ఆ చెయ్యే.
వెనకనుంచి తమ్ముడు తారియేల్ కేక.
అర్థం తర్వాత ఎవరో చెప్పారు:
"నువ్వు ఎవరివాడివిరా?"

చెయ్యి వెనక్కి పోయింది.
ఒక్కడికి ఒక్కడు ఎదురైతే కళ్ళు అడ్డం వస్తాయి.
గుంపులో ఎవరూ ఎదుటికి చూడరు,
పక్కకి చూస్తారు,
నావాడు నన్ను చూస్తున్నాడా అని.
తర్వాత ఎవరిదో మోకాలు, దొమెంతి పక్కటెముకలో.
నాలుగు వందల మోకాళ్ళలో ఒకటి.
పేరు లేనిది ఎంత లోతుగా దిగుతుందో!

నా సంగతీ చెప్పాలి.
గోడెక్కి "తొయ్యండి, తొయ్యండి" అని
తెలుగులో అరుస్తున్నాను.
ఎగువ ఊరి ముఖాలన్నీ ఒకే దొంగముఖంలా ఉన్నాయి.
నిన్న ఆ ముఖాల్లో ఒకటే కదా
నాకు దారి చూపించి, జేబునిండా ఎండుపళ్ళు పోసింది.
"వాళ్ళు ఊరుకోరు, మనమే ముందు తోసెయ్యాలి"
అంటున్నది నేనే.
మనమట. మూడు రోజులకి!
అవతల గోడమీద కూడా ఎవడో
ఈ మాటే, ఈ భయంతోనే
అరుస్తూ ఉండి ఉంటాడు.

చీకటిపడే వేళకి ఎగువ ఊరు గెలిచింది.
బంతిని ఆ ఏడు పోయినవాళ్ళ సమాధిమీద పెట్టడం ఆచారం.
మక్వాలా మీద పెట్టారు.
తేయాకు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు తూకం వేసిన మనిషి.
ఎగువ బుట్టకీ దిగువ బుట్టకీ
ముల్లుని వెంట్రుకవాసి ఒరగనివ్వలేదట.
ఇప్పుడావిడ గుండెలమీద
పదహారు కిలోలు,
అంతా ఒకవైపే.

రాత్రి కంచె దగ్గర లాంతరు.
వార్లామ్ కూజా మోసుకొచ్చాడు.
దొమెంతి పక్కటెముకలకి దుప్పటి బిగించుకుని
కూర్చోలేక, నిలబడలేక
చెట్టుకి ఆనుకున్నాడు.
చాలాసేపు వంచుకోవడమే, తాగడమే.
తర్వాత మాటలు, అడుగుబొంగురుగా.

నాకు అందింది ఒక్కటే, చ్వేన్.
వార్లామ్ ఒకసారి, కాసేపాగి దొమెంతి ఒకసారి.
కిటికీ తెరిచి, ఊపిరి బిగపట్టి
గొంతుని బట్టి పోల్చుకుందామని చూశాను.

పోల్చుకోలేకపోయాను.