ఐదు నిమిషాల కాగితం

పొలాత్లీ గోధుమ మండీ వెనక, కూలీల భోజనశాలలో
రోజుకు నలభై కిలోల ఉల్లి తరిగేది మ్యుర్వెత్.
పక్కబల్ల దగ్గర నేను
ముక్కు ఎగబీలుస్తూ తలగుడ్డ అంచుతో కళ్ళొత్తుకునేదాన్ని.
ఆమెకు రెప్ప తడిసేది కాదు.
"నీవి పింగాణీ కళ్ళే" అనేవాళ్ళం.
నవ్వి, ఇంకో గోనె మూతి విప్పేది.
కొన్నాళ్ళు గర్వపడింది కూడా.

తర్వాత రొట్టె గొంతులో ఆగడం మొదలైంది.
పొద్దున్నే రెప్పలు విడదీయడం
పాత కవరు మీది స్టాంపు ఊడదీసినంత ఓపిక పని అయింది.
కంట్లో నలుసు పడింది చూడవే, అంది.
కిటికీ దగ్గర నిలబెట్టి, రుమాలు కొసతో వెతికాను.
నలుసు లేదు.
మర్నాడూ వెతికాను. లేదు.
లేని నలుసు కోసం సెలవు ఎవరిస్తారు?

అంకారాలో డాక్టరమ్మ పెద్దగా మాట్లాడలేదు.
కింది రెప్పల్లో సన్నటి కాగితపు పట్టీలు దోపి
కళ్ళు మూసుకోమంది.
ఐదు నిమిషాలు.
పరీక్ష తప్పుతానేమోనని
మ్యుర్వెత్ ఏడవాలని చూసిందట:
నాన్న పోయిన రాత్రిని తలుచుకుంది,
అప్పుకింద తోలుకెళ్ళిన బూడిదరంగు గుర్రాన్ని,
అది వెనక్కి తిరిగి చూసిన తీరుని.
ఏడుపొచ్చింది. నీళ్ళు రాలేదు.
పట్టీలు తీసి స్కేలు పక్కన పెట్టారు.
కుడి రెండు మిల్లీమీటర్లు.
ఎడమ ఒకటి.

"నీ ఒంటి కాపలావాళ్ళే
నీ ఊటల్ని శత్రువులనుకుని పూడ్చేస్తున్నారు"
అంది డాక్టరమ్మ.
ఎందుకని అడిగితే భుజాలెగరేసింది.
ఆ భుజాలు నాకు నచ్చాయి, అబద్ధం చెప్పలేదు.

ఉల్లి చేసిన మేలు తల్లి చెయ్యదంటారు.
ఉల్లి పదేళ్ళుగా చెబుతూనే ఉంది.
మేం పింగాణీ అని నవ్వాం.

ఇప్పుడు కన్నీళ్ళు మందులషాపులో కొంటుంది.
తల తుంచే బుల్లి ప్లాస్టిక్ గొట్టాలు, పెట్టెకు ముప్పై.
గంటకో చుక్క.
నెలాఖరులో రెండు గంటలకో చుక్క.

తిరుగు బస్సులో తల వెనక్కి వాల్చి వేసుకుంటే
ఒక చుక్క చెంప దాటి గడ్డం దాకా జారింది.
ఎదుటి సీటు ముసలాయన చూశాడు.
జేబులోంచి మడత రుమాలు తీసి
ఆమె చేతిలో పెట్టాడు.
"ఇదీ గడిచిపోతుందిలే తల్లీ."

మందండీ, అని చెప్పబోయిందని నాకు తెలుసు,
నోరు తెరిచింది.
మళ్ళీ మూసుకుంది.
ఆమెని ఎవరైనా ఓదార్చి ఎన్నేళ్ళయిందో
నేను లెక్కపెట్టబోయి మానేశాను.

రుమాలు ఒళ్ళో పరుచుకుని,
గంట కాకుండానే,
ఇంకో గొట్టం తల తుంచింది.