మెత్తని చెక్క

పెరంబూరు రైల్వే గేటు దాటాక
సైకిల్ షాపు మీది గది, ఎబినేజర్ గారిది.
ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ మోటార్లకు తీగ చుట్టిన చేతులు
ఇప్పుడు గిటార్ పికప్‌లకు చుడుతున్నాయి,
వెంట్రుక కన్నా సన్నని రాగిని,
లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి.

నా ఏడు తీగల గిటార్ని వెల్లకిలా పడుకోబెట్టి
పికప్ గూట్లో గోటితో నొక్కారు. గుంట పడింది.
"బాస్‌వుడ్డమ్మా. ఇడ్లీ లాంటిది.
తనకంటూ రుచి చెప్పదు,
పక్కన ఏది వడ్డిస్తే అదే."

సిరామిక్ అడిగాను.
ఏడు మాత్రల మీద గిత్తలా దూకి
ఠక్కున ఆగే రిఫ్ నాది,
ఆగాక తోక మిగలకూడదు.
ఆయన డబ్బాలోంచి ఆల్నికో తీశారు.
"ఇది పలుకుతుంది. అది అరుస్తుంది."
అరవాలనే కదండీ వచ్చాను.

రెండూ బిగించి విన్నాం, ఒకదాని తర్వాత ఒకటి,
మధ్యలో కరెంటు పోయి, చెమటలు కారి,
కింద ఎవరో ట్యూబుకి గాలి కొడుతుంటే.
సిరామిక్ గోడలా నిలబడింది.
కింది సగమంతా మా భరణి బాస్‌దని
అప్పుడు గుర్తొచ్చింది:
రెండేళ్లుగా వాడి చోట్లో నేనే కూర్చుని
వినపడట్లేదని వాడినే తిట్టాను.

బ్రిడ్జి దగ్గర ఆల్నికో.
నెక్ సంగతి జీతం వచ్చాక.

మర బిగుసుకోలేదు. పాత రంధ్రం వదులైపోయింది.
ఆయన అగ్గిపుల్ల తల విరిచి, జిగురులో ముంచి,
అందులోకి దించారు.
ఆరాక తిప్పితే పట్టింది.

శనివారం రిహార్సల్లో
కొత్త పికప్ ఎంతయిందని అందరూ అడిగారు.
అగ్గిపుల్ల గురించి నేను చెప్పలేదు.