అద్దె గంట

చుట్టుగుంట సెంటర్లో నా షాపు.
గోడకు ఒక గడియారం, గొలుసుకు ఏడు సైకిళ్లు.
గంటకు రెండు రూపాయలు,
దాటితే ఇంకో రూపాయి.
పేరు, ఇంటి గుర్తు, తీసుకెళ్లిన టైము
ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసేవాణ్ణి.

ఇప్పుడు చెప్పొచ్చు గదా.
పిల్లలు మలుపు తిరగ్గానే
పెద్దముల్లును ఐదు నిమిషాలు ముందుకు నెట్టేవాణ్ణి.
రాత్రి షట్టరు దించేముందు
రేడియో విని మళ్లీ సర్దేవాణ్ణి.

సలోమి వాళ్లమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసే కూలి.
ఆ పిల్ల పక్కన నిలబడితే నాకు తుమ్ములే.
సీటు అందదు.
కడ్డీ కిందుగా కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కుతూ
అంకిరెడ్డిపాలెం దాకా పొయ్యొచ్చేది.
ఎగరొప్పుకుంటూ దిగి
ముందు గడియారం వంక చూసేది, తర్వాతే నా వంక.
ఆ మూడో రూపాయి
ఒక్కనాడూ నా చేతిలో రాలలేదు.

తర్వాతిదంతా పేపర్లో వచ్చిందే,
హాస్టలు, రోడ్డు పందేలు, పతకాలు, రైల్వే ఉద్యోగం.
ఊటీ ఘాటు దిగుతూ పడితే భుజంలో వేసిన స్టీలు రేకు
పేపర్లో రాలేదు, నేను తడిమి చూశా.

ఒక ఆదివారం ట్రాకు సైకిలు తెచ్చింది.
బ్రేకుల్లేవు. చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాల్సిందే.
"ఎట్లా ఆపుతావే?"
"ఆపే పనుంటే దీన్నెందుకు ఎక్కుతా, సిలార్ మామా!"

గంట రికార్డుకి ఢిల్లీలో దిగిన రోజు
నేనూ పంచర్ల కుర్రాడూ ఫోన్లో చూశాం.
గిన్నె అంచులా వాలిన మలుపులు.
గానుగెద్దులా అదే చుట్టు, అదే చుట్టు.
ఎవర్నీ దాటదు, ఎక్కడికీ పోదు.
మన రోడ్డు మీదైతే
ఈపాటికి బెజవాడ వారధి దాటిపోను.

యాభై ఐదో నిమిషం.
నా నోరు ఎండిపోయింది.
ఆ కాళ్లకు నేను అలవాటు చేసింది అంతవరకే.
మిగతా ఐదూ నేను కాజేసినవి,
ఎక్కణ్ణించి తెస్తుంది?

తెచ్చింది.
తల వంచి, చొంగ కారుతున్నా తుడుచుకోకుండా
నూట డెబ్భై రెండు చుట్లు.
కుర్రాడు పానా పైకి విసిరి
మురిక్కాలవలో పారేశాడు.

మూడేళ్లుంది ఆ రికార్డు.
మణిపూర్ పిల్ల ఎవరో నాలుగు చుట్లు ఎక్కువ కొట్టింది.
ఆ రాత్రి టికెట్ల కౌంటరు డ్యూటీ దిగి వచ్చి
నా బల్ల మీద కూర్చుంది సలోమి.
ఏడవలేదు. మోకాలు నొక్కుకుంటూ టీ తాగింది.
అప్పుడు చెప్పేశా ముల్లు సంగతి.

"ఎదురుగా చర్చిలో గంట కొట్టేవాళ్లు గదా మామా,
నీకు చెవుడనుకున్నా."

తెలిసీ ఎందుకూరుకున్నావే?

"గంటలోపు వచ్చేస్తే
నువ్వొక మొహం పెట్టేవాడివి. దానికోసం.
ఏదీ, ఒకసారి పెట్టు."

పెట్టబోయా.
తుమ్మొచ్చింది.