రెండో బ్రేకు

ములుగు రోడ్డు మీద అంకూస్ షెడ్డుల
నా ఫియట్ ఇటుకల మీద నిలబడ్డది.
చక్రాలు లేవు.
దవాఖాన గడప కాడ
చెప్పులిడిసిన ముసలామె లెక్క ఉన్నది.

పాత స్పీకరుల నుంచి ఊడబీకిన అయస్కాంతం
ముతక గుడ్డల చుట్టి
డోర్ల కిందికెళ్లి మెల్లగ నడిపిస్తుండు అంకూస్.
పట్టుకున్న కాడ ఇనుము.
జారిన కాడ లప్పం.
ఎడమ డోరు కింద మూరెడు దూరం
అది ఎక్కడా పట్టుకోలేదు.

"ఎవడు పూసిండు సార్ గిది?"

నేను పైన రేకుల దిక్కు చూసిన.
పూయించింది నేనే.
నయీంనగర్ నాలా పొంగిన ఏడు
రెండు రాత్రులు నీళ్లల్ల నానింది.
ఇగ అమ్మేద్దామనుకున్న.
హుజూరాబాద్ ఆయన ఒకడు వస్తనన్నడు.
ఆయన కండ్ల కోసం
తుప్పు మీద లప్పం, లప్పం మీద తెల్ల రంగు.
ఆయన రాలే.
అబద్ధం నా ఇంటి ముందటనే ఆగిపోయింది,
లోపల్లోపల తినుకుంట.

స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే
కాల్చిన అప్పడమై విరిగింది.
ముందు వేలు పోయింది, తర్వాత చెయ్యి.
బయటికి తీస్తే అరచేతిల
ఎర్రటి పొడి, చీమలు తెచ్చిన మన్ను,
ఒక పావలా.

"జీపుకైతే కింద చాసిస్ ఉంటది సార్,
ఒళ్లు పోయినా ఎముకలుంటయి.
దీనికి ఒళ్లే ఎముక."

జాకీ తెచ్చి నడుమ కాడ పెట్టిండు.
డోరు తెరిచి మూసిండు. పడలే.
నాలుగు పంపులు కొట్టిండు. మల్లా మూసిండు.
టక్.
ముప్పై ఏండ్లు నా ఎడమ చెవి పక్కన విన్న చప్పుడు.

"బతుకుతది. లక్షా ఇరవై.
కోసినంక ఇంకేం ఎళ్తదో నేను చెప్పలేను."
కాటా మీద పెడితే ఇరవై ఆరు వేలు,
ఇయ్యాల్నే, చేతికి.

సులభ డ్రైవింగ్ స్కూల్ అని
డోరు మీద రాసి ఉండె.
సులభ అన్న మాట ఎప్పుడో చెరిగిపోయింది.
నా సీటు ఎడమ దిక్కు.
నా కాలి కింద రెండో బ్రేకు.
పోనియ్, ఏం గాదు, పోనియ్ అనుకుంట
నోటితోని బండిని ముందుకు తోలేది,
కాలేమో గాలిల వేలాడుతుండేది.
వానకాలం బురద చెప్పుతోని
అందరికంటే ఎక్కువ తొక్కింది నేనే.
ముందు కుళ్లింది కూడా ఆ పక్క నేలే.

ఎంజీఎంల నర్సు కొమురమ్మ
పోచమ్మ మైదాన్ కాడ ప్రతిసారి కండ్లు మూసుకునేది.
ఇరవై రోజులైనా రాలే.
ఇరవై ఒకటో నాడు హంటర్ రోడ్డు మీద
బండి పక్కకు ఆపి అన్నది:
"సార్, కాలు తియ్యుండ్రి.
మీరు తొక్కుతరని తెలిసినంత కాలం
నాకు ఎన్నటికీ రాదు."
ఆ ఒక్కనాడు
రెండు కాళ్లు సీటు మీద మడిచి
బాసింపట్టేసుకొని కూసున్న.
కాజీపేట దాక పోయినం.
దారి పొంట ఒక బర్రె, రెండు లారీలు,
నా గుండె కొట్టుకునే చప్పుడు.

ఇంటికాడ లెక్క చూసుకొని రావచ్చు.
కూరగాయలకు ఒక స్కూటీ ఉండనే ఉన్నది.
లక్షా ఇరవై పెట్టి
ఇరవై ఆరు వేల ఇనుము కాపాడేటోన్ని
లోకం ఏమంటదో నాకు తెలుసు.
అయినా ఆ లప్పం సంగతి లోకానికి తెల్వది.

అంకూస్ అద్దాలు పెట్టుకున్నడు.
సుద్దముక్కతోని గీత గీసిండు,
తుప్పుకు నాలుగేళ్ల అవుతల,
మంచి ఇనుము మొదలైన కాడ.
గ్రైండర్ వైరు ప్లగ్గుల పెట్టిండు.
"కొయ్యాల్నా సార్?"

"కానియ్," అన్న.
"ఏం గాదు, కానియ్."

నా కుడికాలు
షెడ్డు నేలను గట్టిగ తొక్కి పట్టింది.
నిప్పురవ్వలు ఆగలే.