జాజు గీత

నేను బోర్డులు రాసి బతికినోణ్ణి.
ఫ్లెక్సీలు రాకముందు
హన్మకొండల సగం కిరాణ దుకాండ్ల పేర్లు
నా కుంచె కిందికెల్లే బయటికొచ్చినయి.
చెయ్యి వణుకుడు మొదలైనంక ఎవలూ పిలువలే.

మొన్న కొంరక్క పిలిచింది.
రాత వద్దు, ఒక్క గీత గియ్యాలె అన్నది.
ఎంత పొడుగు?
బస్తీ అంత.

బీడీ ఆకు కత్తిరించుకుంటనే చెప్పింది:
ఆఫీసుల సారు అడిగిండట,
నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినయో రుజువేదని.
ఫోన్లే మునిగినయి, ఫోటోలు యాడికెల్లి తేవాలె?
గొంతు కాడ చెయ్యి పెట్టి చూపిస్తే
ఎవరి గొంతు? అని నవ్విండట.

ఓదెలు మేస్త్రి లెవల్ పైపు తెచ్చిండు.
సన్నటి తెల్ల పైపు, లోపల నీళ్ళు.
ఒక కొస జహీరా గోడకు, వరద మరక కాడ,
ఇంకో కొస ఎదురింటికి.
రెండు కొసల నీళ్ళు ఊగి ఊగి
ఒక్క తీరుగ నిలవడ్డయి.
ముంచింది ఇవే, సాక్ష్యం గూడ ఇవే చెప్తయి అన్నడు.
మాట తక్కువ మనిషి. ఆ పూటంత అదొక్కటే అన్నడు.

డబ్బాల జాజు కలిపిన.
పండుగకు గడపలకు పూసే ఎర్రమన్నే,
వానకు పోకుండ ఇంత ఫెవికాల్.

జహీరా ఇంట్ల గీత బీరువా మూడో అరకు తాకింది.
దర్జీ నర్సింగం ఇంట్ల మిషను మునిగి, మీద జానెడు.
కొంరక్క ఇంట్ల దేవుని పటాల మీదికెల్లి పోవాలె.
ఆగిన.
ఆ రాత్రి ఆయనను అటుక మీదికి ఎక్కించింది నేనే,
గియ్యి, అన్నది.
పోశవ్వ అర్రల ఎవలూ ఏం మాట్లాడలే.
మంచం కోళ్ళ అచ్చులు నేల మీద ఇంకా ఉన్నయి.
అక్కడ నా చెయ్యి వణుకలే. ఎందుకో తెల్వది.

ప్రణయ ఇంటర్ సదువుతది.
ఇంటి నంబరు, గీత ఎత్తు, పోయినవి
అని మూడు వరుసలు కొట్టి నోటుబుక్కుల ఎక్కించింది.
పోయినవి అన్న కాడ జాగ చాలక
పక్క పేజీకి పోవుడే.

నాలా ఎంబడి ఎగువకు నడిచినం.
గీత గొంతు కాడికెల్లి బొడ్డుకు, మోకాలుకు,
మడిమెకు దిగింది.
మలుపు తిరిగితే వెంచరు ప్రహరి.
ఆడ పైపు పట్టి చూస్తే
గీత భూమి లోపటికి పోతున్నది.
నీళ్ళు ఉండాల్సిన జాగల నిలువెత్తు మొరం పోసి ఉన్నది.
మట్టి లోపట గీత ఎట్ల గీస్తవ్ తాతా?
ప్రణయ అడిగింది.

నేనప్పటికే గోడను చూస్తున్న.
సున్నం పెచ్చు లేచిన కాడ ఒక నీలి అచ్చరం.
గం.
ఆ సున్న నాది.
లోపట సన్న చుక్క పెట్టి రాసుడు నా అలవాటు.
గంగా ఎన్‌క్లేవ్, ప్లాట్లు అమ్మబడును.
ఇరువై రెండేండ్ల కింద, ఎనిమిది నూర్లకు.
పక్కన తామరపువ్వు ఉత్తగనే ఏసిచ్చిన
ఎదురుంగ కుంటల పూసినదాన్ని చూసుకుంట.
అప్పటికి ఒక మూలకు ఇంకా నీళ్ళుండె.

చెప్పేసిన.
నువ్వు రాయకుంటె ఇంకోడు రాస్తుండె
అని ఎవలన్న అంటరనుకున్న.
అనలే.
ఓదెలు పైపుల నీళ్ళు పారబోసి చుట్ట చుట్టుకున్నడు.
చానాసేపటికి కొంరక్క డబ్బా నా చేతుల పెట్టి
ఈడ గీత కాదు, రాయి, అన్నది.
ఏం రాయాలె?
ఈడ కుంట ఉండె, అని.

రాసిన. నిలువెత్తు అచ్చరాలు, వంకరవోయినయి.
కుంటల సున్న కాడ ఆగి
లోపట సన్న చుక్క పెట్టిన.

సోమారం నోటుబుక్కు ప్రజావాణికి పోతది.
సారు ఏమంటడో.
తెల్లారేసరికి వెంచరోళ్ళు ఆ రాతకు సున్నం కొడితే
మళ్ళ రాయాలె, జాజు ఇంక అర డబ్బా ఉన్నది.

పొద్దుగూకంగ వాపస్ వస్తుంటె మబ్బు పట్టింది.
జహీరా కొడుకు ఫైజాన్ గోడకు ఆనుకోని నిలవడి
నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టి
గీతకు కొలుచుకుంటున్నడు.
ఇంకా నాలుగేళ్ళు పొట్టి ఉన్నడు.
మునికాళ్ళ మీద లేసిండు.