పలచన

హార్బరు నుంచి తెచ్చిన థర్మాకోల్ పెట్టె,
మూడుసార్లు కడిగినా కోనాం చేప వాసన పోలేదు.
అడుగున మేకుతో తొమ్మిది చిల్లులు పొడిచి
ఎర్రమట్టి, పశువుల పెంట, కాస్త ఇసక కలిపి నింపాను.
కింది వాటా నూకరత్నం గారు
కొంగుముడి విప్పి ముళ్లవంగ గింజలిచ్చారు.
చిటికెడు చాలన్నారు.
గుప్పెడు చల్లాను.

అన్నీ మొలిచాయి.
అదే వచ్చిన చిక్కు.

పోర్టులో టాలీ గుమస్తాని నేను.
ఓడ కడుపులోంచి దిగే ప్రతి బస్తాకీ ఓ గీత,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఆ అలవాటు కొద్దీ మల్కాపురం మేడమీద
నీళ్ల ట్యాంకు పక్కన గొంతుక్కూర్చుని లెక్కపెట్టాను.
నూట పద్దెనిమిది.
ఒక్కటీ షార్ట్ లేదు, ఒక్కటీ డ్యామేజీ లేదు.

"ఒత్తయిపోనాది బాబూ, పలచన సెయ్యాల."
సరేనన్నాను.
నాలుగు రోజులు సరేనంటూనే ఉన్నాను.
ఈలోగా అవి ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తూ
సన్నటి కాళ్లతో, సాగిన మెడలతో
ట్యాంకు నీడ అవతలి వెలుతురుకేసి ఒరిగాయి,
ఫస్ట్ షిఫ్ట్ బస్సు ఫుట్‌బోర్డు మీది మనుషుల్లా.

ఐదోరోజు ఆవిడే మెట్లెక్కి వచ్చారు.
చేతిలో చేప రెక్కలు కోసే కత్తెర.
"పీకకు. పక్కదాని ఏరు కదుల్తాది.
మొదట్లో కత్తిరించు."

తోటకూరైతే బాధ లేదు,
తీసిందంతా పప్పులోకి పోతుంది.
వంగనారుకి ఆ ఊరట కూడా లేదు.

ఏది ఉంచాలో ఎలా తెలుస్తుందన్నాను.
పొడుగైనదా? ఆకు ముదిరినదా?
నా చెయ్యి పట్టుకుని, వేళ్లు విడదీసి
పెట్టె మీద పరిచారావిడ.
"మొక్కని సూడకు.
మద్దిన సోటు సూడు."

టిక్.
టిక్.
ఇంత చిన్న చప్పుడా!

పెన్ను ఉన్నా ఎక్కడ రాయను?
కొరతకి ఓ గడి ఉంది, తడిసినదానికుంది,
చిరిగిన సంచికుంది.
నిక్షేపంలా ఉండగా తీసేసినదానికి
ముప్పై ఏళ్ల రిజిస్టర్లలో గడి లేదు.

ఆవిడ అటు తిరిగినప్పుడు
పదకొండింటిని వేళ్లతో పెకలించి
మెట్లకింద టీ కప్పుల్లో దాచాను.
కథల్లోనైతే వాటిల్లో ఒకటి కాయాలి.
నాలుగు కుళ్లాయి. ఐదింటిని నత్తలు తిన్నాయి.
రెండు ఏమయ్యాయో తెలీదు.

పెట్టెలో మిగిలిన పద్నాలుగూ
నాలుగేసి ఆకులు తొడిగాక
ఓ మబ్బు సాయంత్రం సిమెంటు సంచుల్లోకి మార్చాం.
చెంచాతో, మట్టి గడ్డతో సహా,
నిద్రపోయే పిల్లల్ని మంచం మార్చినట్టు.
తెల్లారేసరికి అన్నీ తలలు వాల్చేశాయి.
చంపేశాననుకున్నాను.

మా ఇంట్లో ఆరుగురం, ఒకటే గది.
నా ఏడో ఏట నన్ను భీమిలిలో పిన్ని దగ్గర దింపారు.
మొదటి రెండు రోజులూ అన్నం ముట్టలేదట,
గోడకేసి తిరిగి పడుకున్నానట.
మూడోరోజు గోలీలున్నాయా అని అడిగానట.
పిన్ని నవ్వుతూ చెప్పేది.
అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

ఉప్పుగాలికి అడ్డంగా పాత గొడుగు కట్టాను.
గ్లాసుతో నీళ్లు, మొదట్లో మాత్రమే.
మూడోనాడు నూకరత్నం గారు వంగి చూసి
"మూన తిరిగాయి" అన్నారు,
కత్తెర తీసుకుని దిగిపోయారు.
ఆ రోజు వాళ్లింట చేపల పులుసు.

ఇప్పుడు సంచికీ సంచికీ మధ్య జానెడు చోటు.
అందులోంచి దూరంగా క్రేన్లు కనిపిస్తాయి.
రాత్రి దిగిన బొగ్గుపొడిని
తడి బనీను గుడ్డతో
ఆకు తర్వాత ఆకు తుడుస్తున్నాను,
ముళ్లు గుచ్చుకుంటున్నాయి.
లెక్కపెట్టడం లేదు.